నైరేరే దేశాన్ని నిలబెట్టాడా, ముంచాడా? టాంజానియాలో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు

దారెస్సలాం_శీను
ఉద్యోగం మీద టాంజానియా వచ్చాను, దారెస్సలాంలో ఉంటున్నా. ఇక్కడ ఏ షాపుకెళ్లినా ఏ ఆఫీసుకెళ్లినా గోడ మీద రెండు ఫొటోలు కనిపిస్తాయి, ఒకటి ఇప్పటి ప్రెసిడెంటుది, రెండోది ఈ దేశపు మొదటి ప్రెసిడెంటు జూలియస్ నైరేరేది. ఆయన పదవి దిగింది 1985లో, పోయింది 1999లో, అయినా ఫొటో మాత్రం దించలేదు. మా ఆఫీసు డ్రైవరు ఆయన్ని పేరు పెట్టి అనడు, మ్వాలిము అంటాడు, మాస్టారు అన్నట్టు. సరే మహానుభావుడే అనుకుందామంటే మా పక్క ఫ్లాటులో ఒక గుజరాతీ పెద్దాయన ఉన్నారు, ఈ పేరెత్తితే చాలు ఆయన మొహం మాడిపోతుంది. వాళ్ల నాన్న కట్టించిన మూడంతస్తుల బిల్డింగు 1971లో గవర్నమెంటు తీసేసుకుందట, ఆ తర్వాత అదే బిల్డింగులో వాళ్లే నెలనెలా అద్దె కట్టి బతికారట. ఇద్దర్లో ఎవరి మాట నమ్మాలి?

ఇంకో బాధ కూడా ఉంది. నేను చదివిన స్కూలు పుస్తకాల్లో ఆఫ్రికా నాయకుడంటే మండేలా ఒక్కడే, సినిమాల్లో అయితే ఉగాండా నియంత ఇడీ అమీన్. మధ్యలో ఇంతమంది ఉన్నారని నాకు ఇక్కడికొచ్చేదాకా తెలీదు. తెలిసినవాళ్లు వివరంగా రాయండి, లింకులు పడేసి వెళ్లిపోవద్దు.

కరీంనగర్_కుర్రోడు
నైరేరే సంగతి తర్వాత సూడన్నా, ముందు పశ్చిమ ఆఫ్రికాల బుర్కినా ఫాసోను ఏలిన థామస్ సంకారా గురించి సదువు. 33 ఏండ్లకే అధికారంలకొచ్చిండు, 1983ల. అప్పర్ వోల్టా అని ఫ్రెంచోళ్లు పెట్టిన పేరు తీసేసి బుర్కినా ఫాసో అని పెట్టిండు. మంత్రుల మెర్సిడెస్ కార్లు అమ్మేసి చిన్న రెనో 5 కార్లు ఇచ్చిండు. 25 లక్షల మంది పిల్లలకు కొన్ని వారాల్లనే టీకాలేయించిండు. ఆఫీసర్లు దేశంల నేసిన నూలుబట్టలే తొడగాలన్నడు. 1987 జులైల అడిస్ అబాబాల ఆఫ్రికా దేశాధ్యక్షులందరి ముంగట నిలవడి మనం ఈ అప్పులు కట్టొద్దు, అందరం కలిసి కట్టమని చెప్దాం, నేనొక్కన్నే అంటే వచ్చే మీటింగుకు నేనుండ అన్నడు. అక్టోబర్ 15న సంపేసిన్రు. మూడు నెలలు గూడ కాలే.

బ్యాంకు_బాబాయ్
తమ్ముడూ సంకారా అంటే నాకూ ఇష్టమే, కానీ 1984లో టీచర్లు సమ్మె చేస్తే వెయ్యి మందికి పైగా ఉద్యోగాల్లోంచి పీకేశాడు, అదీ రాయాలిగా. నేను యూనియన్‌లో పని చేసిన మనిషిని, ఆ ఒక్కటి నాకు మింగుడు పడదు. పిల్లలకు చదువు రావాలంటూనే చదువు చెప్పేవాళ్లని ఇంటికి పంపితే ఎలా?

శీనూ నీ ప్రశ్నకొస్తా. మన దగ్గర ఇందిరాగాంధీ 14 బ్యాంకుల్ని జాతీయం చేసింది 1969 జులైలో. నైరేరే అంతకు రెండేళ్ల ముందే, 1967 ఫిబ్రవరి 5న అరూషా డిక్లరేషన్ అని ప్రకటించి, మర్నాడే బ్యాంకులన్నీ గవర్నమెంటు చేతిలోకి తెచ్చేశాడు. ఆ డిక్లరేషన్‌లో నాకు బాగా నచ్చింది బ్యాంకుల ముక్క కాదు, నాయకుల మీద పెట్టిన షరతులు. పార్టీలో గానీ ప్రభుత్వంలో గానీ పెద్ద పదవిలో ఉన్నవాడు కంపెనీల్లో షేర్లు పెట్టకూడదు, డైరెక్టరుగా ఉండకూడదు, రెండు జీతాలు తీసుకోకూడదు, ఇల్లు అద్దెకివ్వకూడదు. ఇల్లు అద్దెకివ్వకూడదంట! మన ఎమ్మెల్యేలకి ఈ రూలు పెడితే అసెంబ్లీలో ఎంతమంది మిగులుతారో చూడాలి.

గుంటూరు_మిర్చి
స్పీకరు కుర్చీ మిగులుద్ది బాబాయ్ 😀

దారెస్సలాం_శీను
మరి బిల్డింగు సంగతి ఏంటి బాబాయ్, అది కూడా అరూషాలోదేనా?

బ్యాంకు_బాబాయ్
కాదు, అది వేరే చట్టం, 1971 ఏప్రిల్‌ది. లక్ష షిల్లింగుల విలువ దాటిన బిల్డింగు అద్దెకిస్తుంటే ప్రభుత్వానిదే. పదేళ్లు దాటిన బిల్డింగు అయితే పరిహారం కూడా లేదు. చట్టంలో జాతి మాట ఎక్కడా ఉండదు, కానీ ఊళ్లో అద్దె బిల్డింగులు కట్టించింది ఎక్కువగా మన గుజరాతీలే, దెబ్బ వాళ్లకే తగిలింది. ఒకరు దుకాణంలో నలభై ఏళ్లు కూర్చుని, వడ్డీకి తెచ్చి, పిల్లలకుంటుందని కట్టుకున్న ఆస్తి అది, మీ పక్కింటి పెద్దాయన కోపం న్యాయమైందే. ఆ తర్వాత చాలా కుటుంబాలు కెనడాకీ ఇంగ్లండుకీ వెళ్లిపోయాయి.

జోబర్గ్_రవి
@బ్యాంకు_బాబాయ్ ఒప్పుకుంటా, కానీ రెండో వైపు కూడా చూడాలి. పక్కనే ఉగాండాలో అమీన్ 1972లో ఏం చేశాడు? ఆసియా వాళ్లందరికీ 90 రోజులు గడువు పెట్టి తరిమేశాడు. అప్పుడు ఆఫ్రికా నాయకుల్లో ఇది జాత్యహంకారం అని నోరు తెరిచి ఖండించిన కొద్దిమందిలో నైరేరే ఒకరు. అంతెందుకు, 1961లో స్వాతంత్ర్యానికి ముందు పౌరసత్వం చట్టం మీద చర్చ జరిగినప్పుడు సొంత పార్టీవాళ్లే నల్లవాళ్లకు మాత్రమే ఇవ్వాలని పట్టుబడితే, అలా అయితే రాజీనామా చేస్తానని నిలబడ్డాడు. ఆయన కేబినెట్‌లో ఏళ్ల తరబడి ఆర్థికమంత్రిగా ఉన్న అమీర్ జమాల్ ఎవరనుకున్నారు, టాంజానియాలోనే మ్వాంజాలో పుట్టిన గుజరాతీ. కాబట్టి ఆస్తి పోయిన కోపం వేరు, మా జాతిని తొక్కేశాడు అనడం వేరు. మొదటిది నిజం, రెండోది కాదు.

లెక్కల_మాస్టారు
నేను 70ల్లో టాంజానియాలో సెకండరీ స్కూలు టీచరుగా పని చేశాను. అప్పట్లో మన దగ్గర్నుంచి చాలామంది టీచర్లు టాంజానియా, జాంబియా, ఇథియోపియా వెళ్లేవాళ్లు. మాది దక్షిణాన కొండల్లో ఊరు, రాత్రి చలికి రెండు దుప్పట్లు కప్పుకోవాల్సొచ్చేది, ఆఫ్రికా అంటే ఎండ అనుకుని స్వెట్టరు లేకుండా వచ్చిన తెలుగువాడిని నేనొక్కణ్ణే కాదు. నేను కళ్లారా చూసింది రాస్తాను, పెద్ద పెద్ద సిద్ధాంతాలు నాకు తెలియవు.

స్కూలుకి సొంత పొలం ఉండేది. పొద్దున క్లాసులు, వారంలో కొన్ని మధ్యాహ్నాలు పిల్లలూ టీచర్లూ కలిసి మొక్కజొన్న, చిక్కుళ్లు పండించేవాళ్లం. చదువుకున్నవాడు పొలం దిగడం నామోషీ అనుకోకూడదని నైరేరే ఆలోచన. ఆయన స్వయంగా టీచరు, ఉగాండాలోని మకెరెరే కాలేజీలో టీచరు ట్రైనింగ్ చేసి, ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివి, దారెస్సలాం దగ్గర పుగూలో పాఠాలు చెప్పినవాడు. సాయంత్రం అదే స్కూలు గదిలో పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పేవాళ్లు, నేర్పేది ఎవరనుకున్నారు, ఏడో తరగతి పాసైన పిల్లలు. మనవరాలు బోర్డు మీద అక్షరం రాస్తుంటే నానమ్మ ముందు బెంచీలో కూర్చుని పలక మీద దిద్దుతుండేది, పక్కన పొలం నుంచి తెచ్చిన గొడ్డలి పెట్టుకుని. ఆ అక్షరాస్యత ఉద్యమం వట్టి కాగితాల మీద జరగలేదు, నేను చూశాను.

రెండో సంగతి భాష. ఆ దేశంలో 120కి పైగా తెగలు, ఎవరి భాష వాళ్లది. అయినా ఎక్కడికెళ్లినా స్వాహిలీతో పని జరిగిపోయేది, ఏ తెగవాడివి అని ఒకర్నొకరు అడుక్కోవడం నేను వినలేదు. చుట్టూ కాంగో, రువాండా, బురుండీ, ఉగాండా తెగల పేరుతో కొట్టుకు చస్తుంటే ఈ ఒక్క దేశం మాత్రం చెక్కు చెదరలేదు. ఇది ఊరికే వచ్చింది కాదు, ఒక మనిషి పట్టుబట్టి చేయించింది.

కొరత కూడా చూశాను. సబ్బుకి లైను, పంచదారకి లైను. నేను వచ్చేశాక 80ల మొదట్లో ఇంకా ఘోరం అయిందని నా స్నేహితులు ఉత్తరాలు రాసేవారు. జీతం ఉండేది, కొనడానికి సరుకు ఉండేది కాదు.

ఓరుగల్లు_సుజాత
మాస్టారూ, ఆ గొడ్డలి పక్కన పెట్టుకున్న నానమ్మ గురించి ఇంకా రాయండి ప్లీజ్.

పొలంగట్టు
మాస్టారు రాసింది చదివి సంతోషమేసింది, కానీ పల్లెల సంగతి ఎవరూ ఎత్తట్లేదేంటి. నేను వ్యవసాయ శాఖలో చేసి రిటైరయినవాణ్ణి. నైరేరేని ఎంత మెచ్చుకున్నా 1973 నుంచి 1976 దాకా జరిగిన దాన్ని పక్కన పెట్టి మెచ్చుకోకూడదు. ఉజమా అంటే మొదట స్వచ్ఛందంగా నలుగురు రైతులు ఒకచోట చేరి కలిసి పండించుకోవడం, మంచి మాటే. ఎవరూ పెద్దగా రాకపోయేసరికి 1973లో అందరూ ఊళ్లలోకి రావాల్సిందే అని ఆర్డరేశారు. టాంజానియా రైతు మనలాగా ఊరు కట్టుకుని ఉండడు, తన చేను మధ్యలో తన గుడిసె. ఆ గుడిసెలు ఖాళీ చేయించి లారీల్లో ఎక్కించి రోడ్డు పక్కన వరసగా దింపారు, మళ్లీ వెనక్కి పోకుండా కొన్నిచోట్ల పాత ఇళ్లు తగలబెట్టారు కూడా.

రైతుకి ఏమైందో చూడండి. చేను ఐదారు కిలోమీటర్ల దూరమైపోయింది. పెంట తోలలేడు, రాత్రి పూట అడవిపందుల కాపలా కాయలేడు. కొత్తచోట నేల తీరు తెలీదు, ఏ వానకి ఏ విత్తనం వెయ్యాలో తాత చెప్పింది ఆ నేలకి పనికిరాదు. పైగా అదే టైములో 73, 74 కరువు, చమురు ధర పెరగడం. తిండిగింజలు పండించే దేశం మొక్కజొన్న దిగుమతి చేసుకోవాల్సొచ్చింది. కిలిమంజారో వైపు కాఫీ రైతుల జోలికి పెద్దగా పోలేదు, అక్కడ అప్పటికే జనం దగ్గర దగ్గరగా ఉన్నారు, ఆ ప్రాంతం నష్టపోలేదు. దెబ్బంతా నోరులేని మెట్ట రైతుకే.

గుంటూరు_మిర్చి
ఇది చదువుతుంటే మా తాత గుర్తొస్తున్నాడు. నాగార్జునసాగర్ ముంపులో వాళ్ల ఊరు పోయింది. దేశానికి మంచి జరిగింది, మా పొలాలకీ నీళ్లొచ్చాయి, కానీ ఆయన చివరిదాకా ఆ మునిగిన ఊరి పేరే చెప్పుకునేవాడు. ఘానాలో వాళ్ల మొదటి ప్రెసిడెంటు ఎన్‌క్రూమా కట్టించిన అకొసొంబో డ్యామ్ గురించి చదివా, 80 వేల మంది ఊళ్లు ఖాళీ చేశారంట.

బ్యాంకు_బాబాయ్
@గుంటూరు_మిర్చి అకొసొంబోలో ఇంకో దారుణం ఉంది. ఆ కరెంటులో సింహభాగం పోయింది ఊళ్లకి కాదు, టెమాలో అమెరికా కంపెనీ పెట్టిన అల్యూమినియం ఫ్యాక్టరీకి, అదీ కారుచౌకగా. ఘానాలో బాక్సైట్ ఉంది, కానీ ఆ ఫ్యాక్టరీ బయటి దేశం నుంచి అల్యూమినా తెప్పించుకుని కరిగించేది. ఎన్‌క్రూమాకి ఇది తెలియక కాదు, అప్పు కావాలంటే ఆ షరతులకి ఒప్పుకోక తప్పలేదు. స్వాతంత్ర్యం వచ్చినా డబ్బు తాళం బయటివాడి చేతిలోనే ఉంటుందని 1965లో ఏకంగా పుస్తకమే రాశాడు, అమెరికా ఘానాకి ఇవ్వాల్సిన సాయం ఆపేసింది. 1966 ఫిబ్రవరి 24న ఆయన వియత్నాం శాంతి పని మీద చైనా వెళ్తుంటే ఇక్కడ సైన్యం గద్దె లాగేసింది. మళ్లీ ఘానా నేల తొక్కలేదు, 1972లో రొమేనియాలో పోయాడు.

కరీంనగర్_కుర్రోడు
గదే నేననేది. కాంగోల లుముంబా, గినీ బిస్సౌ కోసం కొట్లాడిన కాబ్రాల్, బుర్కినాల సంకారా, మంచోళ్లను బతకనియ్యలే. లుముంబా ప్రధాని అయింది 1960 జూన్ ఆఖర్ల, సంపింది 1961 జనవరి 17న. శవం గూడ దొరకకుంట యాసిడ్ల కరిగించిన్రు, బెల్జియం పోలీసోడు ఒక పన్ను దాసుకుండు, అది 2022ల వాపసిచ్చిన్రు. గా పన్నునే పెట్టెల పెట్టి దేశమంత తిప్పి సమాధి జేసిన్రు. మనసున పట్టదన్నా ఇది.

పొలంగట్టు
@కరీంనగర్_కుర్రోడు నిజమే తమ్ముడూ. కాబ్రాల్ పేరెత్తావు కాబట్టి ఒక్కమాట, ఆయన మా వ్యవసాయ శాఖ మనిషే. పోర్చుగల్ ప్రభుత్వం తరఫున 1953లో గినీ ఊరూరా తిరిగి పంటల లెక్కలు రాసిన ఇంజనీరు. ఏ ఊళ్లో ఏం పండుద్దో, ఎవరి దగ్గర ఎంత భూమి ఉందో ఆ తిరుగుడులోనే తెలుసుకుని, తర్వాత అదే జనంతో కలిసి పోర్చుగీసు సైన్యం మీద యుద్ధం చేశాడు. కానీ చంపబడ్డ ప్రతివాడూ తప్పు చెయ్యనివాడు అన్నట్టు మాట్లాడకూడదు. ఎన్‌క్రూమా విచారణ లేకుండా జైల్లో పెట్టే చట్టం 1958లోనే తెచ్చాడు, ఆయనతో పోట్లాడిన డాంక్వా 1965లో జైల్లోనే చచ్చిపోయాడు. నైరేరే కూడా అలాంటి చట్టమే 1962లో తెచ్చుకున్నాడు.

నెల్లూరోడు
దారెస్సలాం అనగానే నాకు గుర్తొచ్చేది వేరే సంగతి. 1963లో ఆఫ్రికా దేశాల సంఘం విముక్తి కమిటీ ఆఫీసు పెట్టింది దార్‌లోనే. మొజాంబిక్, అంగోలా, జింబాబ్వే, దక్షిణాఫ్రికా, నమీబియా, ఇన్ని దేశాల పోరాటవాళ్లకి నీడ ఇచ్చింది ఆ పేద దేశం. మొజాంబిక్ నాయకుడు మోండ్లేన్‌ని 1969లో దార్‌లోనే పార్సిల్ బాంబుతో చంపారు.

మా జిల్లావాడు ఒకాయన ఈ కథలో ఉన్నాడు, మన తెలుగువాళ్లకే తెలీదు. ఇ.ఎస్. రెడ్డి, ఏనుగ శ్రీనివాసులురెడ్డి. 1924లో నెల్లూరు జిల్లాలో పుట్టి, చదువుకి అమెరికా వెళ్లి, ఐక్యరాజ్యసమితిలో చేరాడు. 1963 నుంచి జాతివివక్ష వ్యతిరేక కమిటీకి కార్యదర్శి, తర్వాత అక్కడి జాతివివక్ష వ్యతిరేక సెంటరుకి డైరెక్టరు. దక్షిణాఫ్రికా మీద ఆయుధాల నిషేధం, ఆటల బహిష్కరణ, ఖైదీల విడుదల ఉద్యమం, వీటన్నిటి వెనక ఫైళ్లు కదిలించింది ఆయనే. దక్షిణాఫ్రికా నల్లవాళ్ల పోరాట పార్టీ ఏఎన్‌సీ నాయకుడు ఒలివర్ టాంబోకి బాగా దగ్గర. ఆ టాంబో పేరు మీదే ఉన్న పురస్కారం 2013లో దక్షిణాఫ్రికా ఆయనకిచ్చింది. 2020 నవంబరులో అమెరికాలో పోయాడు. నెల్లూరులో ఒక వీధికైనా ఆయన పేరు పెట్టాలని నా కోరిక.

జోబర్గ్_రవి
థాంక్యూ అన్నా ఇది రాసినందుకు. నేను ఇక్కడ పాతతరం వాళ్లతో మాట్లాడితే టాంజానియా మాట రాకుండా ఉండదు. 1976లో సొవేటోలో విద్యార్థుల మీద కాల్పులు జరిగాక పారిపోయిన స్కూలు పిల్లల కోసం మొరోగోరో దగ్గర మజింబులో నైరేరే ప్రభుత్వం భూమి ఇచ్చింది, పాత కిత్తనార (సిసల్) తోట. అక్కడ ఏఎన్‌సీ వాళ్లు స్కూలు, హాస్పిటలు, డెయిరీ అన్నీ కట్టుకున్నారు. స్కూలుకి 1979లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఉరి తీసిన సోలొమన్ మహ్లాంగు అనే కుర్రాడి పేరు పెట్టారు. తమ జనానికే సబ్బు దొరకని రోజుల్లో పక్కవాడి పిల్లలకి స్కూలు కట్టుకోనిచ్చిన దేశం ఇంకోటి చూపించండి.

బ్యాంకు_బాబాయ్
అదీ కాక అమీన్‌తో యుద్ధం. 1978 అక్టోబరులో అమీన్ సైన్యం టాంజానియా సరిహద్దులోని కగేరా ఆక్రమించింది. నైరేరే సైన్యం వాళ్లని తరిమి ఊరుకోకుండా 1979 ఏప్రిల్‌లో కంపాలా దాకా పోయి అమీన్‌ని దించింది. ఉగాండావాళ్లకి పీడ వదిలింది, టాంజానియా ఖజానా ఖాళీ అయింది. ఆ తర్వాత వచ్చిన కొరతలన్నీ సోషలిజం వల్లే అనేవాళ్లు ఈ ఖర్చు లెక్కలోకి తీసుకోరు, ఎగుమతి చేసే కిత్తనార ధర పడిపోవడం తీసుకోరు. ఐఎంఎఫ్ చెప్పినట్టు షిల్లింగు విలువ తగ్గించనని ఏళ్ల తరబడి మొండికేశాడు, అదీ ఒక కారణమే అనుకోండి.

మొక్కల_మాధవి
అన్నీ ప్రెసిడెంట్ల గురించేనా? నాయకత్వం అంటే కుర్చీ ఒక్కటేనా? కెన్యా వంగారీ మాథాయ్ గురించి ఒక్కరు కూడా రాయలేదు. నేను నర్సరీ నడుపుతాను, నాకు ఆవిడే గురువు.

1977లో గ్రీన్ బెల్ట్ మూవ్‌మెంట్ మొదలుపెట్టింది. పల్లెల్లో ఆడవాళ్లు కట్టెల కోసం మైళ్లు నడుస్తున్నారు, వాగులు ఎండిపోతున్నాయి, పిల్లలకి పోషణ లేదు, వీటన్నిటికీ మొదలు చెట్టు కొట్టెయ్యడమే అని ఆవిడ పట్టుకుంది. పశువైద్యంలో డాక్టరేట్ చేసిన మనిషి, పల్లె ఆడవాళ్లతో డబ్బాల్లో, పగిలిన కుండల్లో విత్తనాలు వేయించింది. ఆవిడ పద్ధతిలో అసలు కిటుకు ఇదీ: మొక్క నాటినందుకు కాదు, నాటాక బతికితేనే ఆ ఆడమనిషికి నాలుగు డబ్బులు ఇచ్చేవాళ్లు. ఈ ఒక్క షరతు వల్ల నీళ్లు పోసేవాళ్లు, మేకల నుంచి కాపాడేవాళ్లు. మన దగ్గర ప్రతి వానాకాలం లక్షల్లో గుంతలు తీసి మొక్కలు పెట్టి ఫొటోలు దిగుతాం, ఫిబ్రవరికి వెళ్లి చూడండి ఎన్ని ఉంటాయో. నా నర్సరీ నుంచి పట్టుకెళ్లేవాళ్లకి ఈ మాటే చెప్తాను, లెక్క నాటిన రోజున రాయకండి, రెండో ఎండాకాలం దాటాక రాయండి అని.

ఆవిడ పోరాటం మొక్కలతో ఆగలేదు. 1989లో నైరోబీ ఉహురు పార్కులో అధికార పార్టీవాళ్లు 60 అంతస్తుల టవర్ కట్టబోతే ఒంటరిగా ఉత్తరాలు రాసి ఆపించింది. పార్లమెంటులో నానా మాటలు అన్నారు, విడాకులు తీసుకున్న ఆడదానివి అని ఎగతాళి చేశారు, ఆఫీసు ఖాళీ చేయించారు. తర్వాత కరూరా అడవిని రియల్ ఎస్టేటు వాళ్లకి పంచుతుంటే అక్కడికే వెళ్లి మొక్కలు నాటి 1999లో గూండాల చేతిలో తల పగలగొట్టించుకుంది. 2004లో నోబెల్ శాంతి బహుమతి, ఆఫ్రికా ఆడవాళ్లలో మొదట ఆవిడకే. 2011లో పోయినప్పుడు తన కోసం చెట్టు కొట్టకూడదన్నది ఆవిడ మాట, అందుకే వెదురు, గుర్రపుడెక్క, పాపిరస్ రెల్లుతో అల్లిన పెట్టెలో తీసుకెళ్లారు.

ఓరుగల్లు_సుజాత
మాధవక్కా 🙏 ఇది సేవ్ చేసుకున్నా.

కెన్యా మాట వచ్చింది కాబట్టి అక్కడి రచయిత ఎన్‌గూగీ వా థియాంగో. 1977లో కమిరీథు అనే ఊళ్లో రైతులు, కూలీలతో కలిసి గికూయూ భాషలో నాటకం వేశాడు, అంతవరకు ఇంగ్లీషులో రాసినన్నాళ్లు ఏం అనని ప్రభుత్వం, జనం భాషలో వేసేసరికి పట్టుకెళ్లి విచారణ లేకుండా జైల్లో పడేసింది. జైల్లో టాయిలెట్ పేపర్ మీద గికూయూలోనే నవల రాశాడు. ఆ నవలని మన వరవరరావు సారు సికింద్రాబాద్ జైల్లో ఉండంగ తెలుగు చేసిండు. జైల్లో రాసిన పుస్తకం ఇంకో జైల్లో తెలుగైంది. 2025 మేలో ఎన్‌గూగీ పోయినప్పుడు మా ఊళ్లో సంతాపసభ పెట్టినం. మన పిల్లలు తెలుగు చదవడం రాయడం మర్చిపోతున్న ఈ రోజుల్లో ఆయన్ని తప్పకుండా చదవాలి.

కరీంనగర్_కుర్రోడు
అక్కా కోపం తెచ్చుకోకు. నేను పదో తరగతి దాంక తెలుగు మీడియమే. ఇంజినీరింగుల చేరినంక మొదటి ఏడాదంత క్లాసుల నోరు తెరవలే. ఇంగ్లీషు వద్దని చెప్పేటోళ్ల పిల్లలు ఎక్కడ సదువుతున్రు? ఎన్‌గూగీ సారు గూడ అమెరికాల ప్రొఫెసరు గదా.

ఓరుగల్లు_సుజాత
తమ్మీ ఇంగ్లీషు వద్దని ఆయన అనలే, అమ్మభాషని చిన్నబుచ్చి నేర్పొద్దన్నడు. గికూయూ మాట్లాడితే స్కూల్లో మెడకు పలక కట్టేది, దెబ్బలు కొట్టేది, ఆ అవమానం గురించి ఆయన బాధ. ఇక అమెరికాకు ఇష్టపడి పోలే, ఇంటికి వస్తే పట్టుకుంటరని ఇరవై ఏండ్లకు పైగా దేశం బయటనే ఉన్నడు. 2004ల వాపసొస్తే భార్యాభర్తలు ఉన్న చోటికి దుండగులు చొరబడి ఘోరంగ దాడి చేసిన్రు.

లెక్కల_మాస్టారు
ఈ గొడవకి టాంజానియాలో ఇంకా తెగని ముడి ఉంది. ప్రైమరీ అంతా స్వాహిలీ, సెకండరీకి రాగానే ఇంగ్లీషు. నేను త్రికోణమితి ఇంగ్లీషులో చెప్తుంటే పిల్లలు బోర్డు ఉన్నదున్నట్టు కాపీ చేసేవాళ్లు, అర్థం కాక. క్లాసు అయిపోయాక ఒక కుర్రాడు మిగతావాళ్లకి స్వాహిలీలో మళ్లీ చెప్పేవాడు, అప్పుడు తలకాయలు ఊగేవి. నేనూ పక్కన కూర్చుని ఆ మాటలు నేర్చుకున్నాను. షేక్స్పియర్ నాటకాలు రెండు స్వయంగా స్వాహిలీలోకి తెచ్చిన నైరేరే కూడా సెకండరీకి ఇంగ్లీషు తీసెయ్యలేదు. సుజాతమ్మ అన్నదీ నిజం, కుర్రాడి బాధా నిజం.

దారెస్సలాం_శీను
ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. నాకు ఒక్కటి అర్థం కాలేదు. ఇంత నిజాయితీ ఉన్న మనిషి, సొంతానికి ఏమీ దాచుకోనివాడు, పల్లెల్లో ఇళ్లు తగలబెడుతుంటే ఎలా ఊరుకున్నాడు? తెలీదా?

పొలంగట్టు
శీనూ, అసలు ప్రశ్న అడిగావు. దీనికి జవాబు రువుమాలో ఉంది. దక్షిణాన సోంగియా దగ్గర లిటోవా అనే చోట 1960 ప్రాంతంలో పార్టీ యువకులు కొందరు ఎవరూ చెప్పకుండానే అడవి కొట్టుకుని కలిసి వ్యవసాయం మొదలుపెట్టారు. మొదటి ప్రయత్నం పోయింది, మళ్లీ మొదలెట్టారు. చూసి పక్క ఊళ్లు చేరాయి, 1969కి 17 ఊళ్లు దాకా కలిసి ఒక సంఘం అయ్యాయి. సొంత పిండిమర, సొంత రంపపు మిల్లు, లిటోవాలో సొంత స్కూలు. ఏ పంట వెయ్యాలి, డబ్బు ఎలా పంచాలి అనేది ఊరి మీటింగులోనే తేల్చుకునేవాళ్లు, ఆడవాళ్లు కూడా లేచి మాట్లాడేవాళ్లు. ఉజమా అంటే ఇదీ అని నైరేరే స్వయంగా మెచ్చుకున్నాడు.

మరి ఏమైంది? మా మాట వినట్లేదు అని జిల్లా పార్టీ పెద్దలకి మంట. 1969 సెప్టెంబరులో పార్టీ సెంట్రల్ కమిటీ ఆ సంఘాన్ని రద్దు చేసింది. మిల్లు, లారీలు అన్నీ స్వాధీనం. నైరేరే ఆ పార్టీకి అధ్యక్షుడు. నాలుగేళ్ల తర్వాత అదే పార్టీ చేతికి కోటి మందిని ఊళ్లలోకి మార్చే పని అప్పగించాడు. జనం తమంతట తాము చేసుకున్నది మూయించి, పైనుంచి అదే పని లాఠీతో చేయించారు. 1971 క్రిస్మస్ రోజున ఇరింగా వైపు ఒక రైతు తన చేను దగ్గరికొచ్చి అదిలించిన రీజినల్ కమిషనర్ని కాల్చి చంపి, శవాన్ని కారులో పెట్టుకుని తనే పోలీసు స్టేషనుకి వెళ్లాడు. అదైనా కళ్లు తెరిపించాలి కదా.

లెక్కల_మాస్టారు
ఆ కమిటీలో నైరేరే మాట నెగ్గలేదండీ, ఎక్కువమంది ఇంకోవైపు. పార్టీ నిర్ణయం కాదంటే ఒక్కడి పెత్తనం అంటారు. ఆయన ఆ ధర్మసంకటంలో పడ్డాడు.

పొలంగట్టు
మాస్టారూ మీ మీద గౌరవంతోనే అంటున్నా. పౌరసత్వం చట్టం అప్పుడు రాజీనామా చేస్తానని పార్టీ మొత్తాన్ని వంచినవాడు, లిటోవా రైతుల కోసం ఆ మాట ఎందుకు అనలేదు? 17 ఊళ్ల కష్టం అది.

బ్యాంకు_బాబాయ్
నేను పొలంగట్టు గారి వైపే. కానీ ఒకటి కలుపుతా. 1985లో ఎవరూ దిగమనకుండా తనే దిగి, బుటియామాలో తన సొంతూరికెళ్లి వ్యవసాయం చేసుకున్నాడు. 90ల్లో ఒకే పార్టీ వద్దు, ఇక మార్చండి అని తను కట్టిన పార్టీకే చెప్పాడు. కుర్చీ పట్టుకుని వేలాడినవాళ్ల పక్కన పెట్టి చూడండి. మన ప్రభుత్వం 1995లో గాంధీ శాంతి బహుమతి పెట్టినప్పుడు మొట్టమొదట ఇచ్చింది ఆయనకే. దిగాక పేద దేశాల కోసం ఆయన నడిపిన సౌత్ కమిషన్‌కి సెక్రటరీ జనరల్ మన మన్మోహన్ సింగ్ గారు.

జోబర్గ్_రవి
మన్మోహన్ గారు సోషలిస్టు నైరేరే దగ్గర పని చేసి వచ్చి 1991లో మన మార్కెట్లు తెరిచారన్నమాట. దీని మీద వేరే థ్రెడ్ పెట్టొచ్చు.

గుంటూరు_మిర్చి
పెట్టొద్దు రవీ, బాబాయ్ నిద్రపోడు.

మొక్కల_మాధవి
శీను గారూ, నైరోబీ మీకు దగ్గరే కదా, వీలైతే కరూరా వెళ్లండి. నడవడానికి దారులు వేశారు, టికెట్ తీసుకుని ఎవరైనా వెళ్లొచ్చు. ఆ చుట్టుపక్కల భూమి ధర కనుక్కుని మరీ లోపలికి వెళ్లండి, ఆవిడ ఏం ఆపిందో తెలుస్తుంది.

దారెస్సలాం_శీను
తప్పకుండా అక్కా. నాకు ఆఫీసు పని మీద సోంగియా వైపు వెళ్లే పని పడేలా ఉంది. పొలంగట్టు గారూ, లిటోవాలో ఇప్పుడు చూడ్డానికి ఏమైనా ఉంటుందా?

పొలంగట్టు
చూసేదాని సంగతి అలా ఉంచి, మనుషుల్ని అడుగు బాబూ. ఆ స్కూల్లో చదివిన పిల్లలకి ఇప్పుడు అరవై, డెబ్భై ఏళ్లుంటాయి. పిండిమర ఎవరు పట్టుకుపోయారు, తర్వాత గింజలు ఆడించుకోవడానికి ఎక్కడికెళ్లేవాళ్లు, 1973లో లారీలు వచ్చినప్పుడు వాళ్లనీ కదిలించారా, మళ్లీ ఎవరైనా కలిసి పండించే ప్రయత్నం చేశారా. మీ డ్రైవర్ని వెంట తీసుకెళ్లు, స్వాహిలీలో అడిగితేనే పెద్దవాళ్లు మనసు విప్పుతారు. విన్నది విన్నట్టు ఇక్కడ రాయి.